ఊడ్చిన రోడ్డు

"అయిదు నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ పాండురంగారావు, టీ గ్లాసు బల్ల మీద పెట్టి. "పైనుంచి ఫోన్ వచ్చింది కాబట్టి ఆ అయిదు నిమిషాలైనా. సాయంత్రం నాలుగింటికి వీణ్ణి కోర్టులో హాజరు పెట్టాలి. ఆ తర్వాత మీ ఇంటరాగేషన్ రాజమండ్రి జైల్లో చేసుకోండి, భారతి గారూ. బెజవాడలో తప్పిపోయిన కుక్కపిల్లల్ని వెతకడం అయిపోయిందా, ఇలా వచ్చారు?"

"కుక్కపిల్లలు దొరికాయండీ," అంది భారతి. "అవి అబద్ధాలు చెప్పవు కదా, తొందరగానే దొరుకుతాయి."

కానిస్టేబుల్ నవ్వబోయి, ఇన్‌స్పెక్టర్ మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

భారతికి నలభై ఎనిమిదేళ్ళు. బెజవాడలో ఆమె తండ్రికి మోటారు గ్యారేజీ ఉండేది. ఆడపిల్లలు బొమ్మలు పట్టుకు తిరిగే వయసులో ఆమె స్పానర్లు పట్టుకు తిరిగింది. పెళ్ళయిన మూడో ఏట భర్త పోయాక, బీమా కంపెనీలకు విరిగిన కార్లు చూసి పెట్టడంతో మొదలై, ప్రైవేటు డిటెక్టివుగా విరిగిన మనుషుల గోడు వినడం దాకా వచ్చింది ఆమె వృత్తి. ఆమెకున్న అలవాటు ఒకటుంది. ఏ కేసయినా సరే, చివరిసారి విడిపోయేటప్పుడు ఎవరు ఏమన్నారో అడుగుతుంది. ఎందుకని అడిగితే చెప్పదు.

లాకప్‌లో జోజిబాబు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నూజివీడులో కార్లు బాగుచేసేవాళ్ళలో పేరున్నవాడు. నిన్నటినుంచి లోపల ఉన్నా గోళ్ళలో గ్రీజు పోలేదు. కటకటాల బయట అతని చెల్లెలు మగ్దలేనమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడింది. ఊళ్ళో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు ఆ పిల్ల. పొద్దున్నే మొదటి బస్సుకి బెజవాడ వచ్చి భారతి తలుపు తట్టింది ఆమే.

సంగతి చిన్నదే. మామిడి వర్తకుడు శేషగిరిరావు గారి ఎర్ర స్పోర్ట్స్ కారు, రెండే సీట్లున్న ఫారిన్ బండి, మొన్న సాయంత్రం హనుమాన్ జంక్షన్ రోడ్డులో అదుపు తప్పి కల్వర్టుకి కొట్టుకుంది. అందులో ఆయన కొడుకు కృష్ణమూర్తి స్పృహ లేకుండా దొరికాడు. ఇప్పటికీ బెజవాడ ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు. ఆ ఉదయమే ఆ కారుకి బ్రేకులు బాగుచేసింది జోజిబాబు. మర్నాడు పోలీసులు చూస్తే ముందు చక్రం దగ్గర బ్రేకు పైపు తెగి ఉంది. తెగడమంటే అరిగి తెగడం కాదు, కత్తితో కోసినట్టు తెగడం.

"బ్రేకులకి ఏం చేశావు బాబూ?" అని అడిగింది భారతి.

"ముందు చక్రాలకి ప్యాడ్లు మార్చానండి. బ్రేకు ఆయిలు నింపి, అందులో చేరిన గాలి తీశాను. మైలవరం రోడ్డులో తోలి చూసుకుని అప్పజెప్పాను."

"పైపులు?"

"ముట్టుకోలేదండి. పాతవే అయినా గట్టిగా ఉన్నాయి."

"కృష్ణమూర్తి మీద నీకు కోపముందా?"

జోజిబాబు చెల్లెలి వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. "ఉందండి."

"విన్నారా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనకనుంచి.

"కోపముంటే చెంప పగలగొడతానండి!" జోజిబాబు గొంతు పెరిగింది. "నా చేత్తో బాగుచేసిన బండిని నేనే పాడుచేసుకుంటానా? రేపు నా షెడ్డుకి ఎవడొస్తాడు? మా చెల్లిని చేసుకుంటానన్నాడు. వాళ్ళ నాన్న కాదన్నాడు. ఇహ మద్రాసు పోయి అక్కడే ఏదో ఉద్యోగం చూసుకుంటానని పెట్టె సర్దుకున్నాడు. పోయేవాడు పోక, నా దగ్గరే బ్రేకులు బాగుచేయించుకుని మరీ పోయాడు. కోపం రాదాండీ?"

భారతి మగ్దలేనమ్మ వైపు తిరిగింది. "నువ్వు చూశావా, అతను వెళ్ళడం?"

"మా వీధిలోంచే వెళ్ళాడండి. కారు ఆపాడు గానీ దిగలేదు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. వెళ్ళొస్తానని కూడా అనలేదండి." మగ్దలేనమ్మ క్యారియర్ పిడిని గట్టిగా పట్టుకుంది. "అలా అనకుండా వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారంటుంది మా అమ్మ. నిన్న రాత్రి ఎక్స్ఛేంజీ నుంచి ఆస్పత్రికి ట్రంకాల్ కలిపితే నర్సు చెప్పింది, పేరు పెట్టి పిలిస్తే వేళ్ళు కదిపాడట. బతుకుతాడండి. బతికి మద్రాసే పోనివ్వండి, ఫర్వాలేదు. మా అన్నయ్యని మాత్రం విడిపించండి."

"అయిదు నిమిషాలు దాటాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

భారతి లేచి గొడుగు తీసుకుంది. "కల్వర్టు చూసొస్తాను. మీరు రానక్కర్లేదు."

"ఎందుకు రానూ? మీరు అక్కడ లేని సాక్ష్యాలు పుట్టించకుండా చూసుకోవద్దూ?"

పోలీసు జీపు కల్వర్టు దగ్గర ఆగింది. రెండు పక్కలా పూత మీదున్న మామిడి తోటలు. భారతి వాటి వైపు చూడలేదు. రోడ్డు మీద వంగి నడుస్తోంది.

"ఇదిగో, కారు ముక్కు జంక్షన్ వైపు తిరిగి ఉంది మేం వచ్చేసరికి," అని ఇన్‌స్పెక్టర్ చేత్తో చూపించాడు. "వెనక సీటు లేదు కాబట్టి పెట్టె డిక్కీలో ఉంది. మద్రాసు పోతున్నాడు. నూజివీడు నుంచి స్పీడుగా వచ్చాడు, బ్రేకు తొక్కాడు, బ్రేకు లేదు, పోయి కల్వర్టు గోడకి కొట్టుకున్నాడు. ఇందులో డిటెక్టివులు కనిపెట్టేదేం లేదు."

"బ్రేకు లేని కారుకి ఈ నల్లగీతలు ఎలా వచ్చాయండీ?"

రోడ్డు మీద రెండు టైర్ల చారలు నల్లగా రాసుకుపోయి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. "ఏ లారీవో."

భారతి గొడుగు అడ్డంగా పెట్టి చారల మధ్య దూరం చూపించింది. "ఇంత బుల్లి లారీని నేనింతవరకు చూళ్ళేదు. పైగా ఈ చారలు జంక్షన్ వైపు మొదలయ్యాయి. అటునుంచి ఇటు వస్తున్నాయి. మీ కారు నూజివీడు నుంచి వెళ్ళడం లేదండీ. నూజివీడు వస్తోంది."

"ముక్కు జంక్షన్ వైపుంటే?"

"బొంగరంలా సగం తిరిగి ఆగితే ముక్కు ఎటైనా ఉంటుంది." ఆమె నాలుగడుగులు వేసి ఆగింది. "ఇంకో సంగతి. ఈ చారలు ఇక్కడికొచ్చి మాయమైపోయాయి. మళ్ళీ అక్కడ మట్టిలో తేలాయి, కల్వర్టు ముందు. మధ్యలో ఏమయ్యాయి? ఎగిరిందా కారు?"

భారతి ఆ మధ్య జాగా చుట్టూ తిరిగింది. దానికి అటూ ఇటూ రోడ్డు పక్కన దుమ్ము ఉంది, రాలిన ఆకులున్నాయి, మేకల పెంటికలున్నాయి. ఆ ముక్క మాత్రం పండగ ముందు వాకిలిలా శుభ్రంగా ఉంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఊరికి ఇంత దూరంలో తారురోడ్డుని ఎవరు ఊడుస్తారు?"

ఆమె జడలోంచి పిన్ను తీసి, తారు పగుల్లోంచి ఏదో గీకి అరచేతిలో వేసుకుంది. గోధుమరంగు గింజలు, బల్లపరుపుగా, నున్నగా. నాలుగు. అయిదు.

"ఉలవలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయన గొంతులో ఎకసెక్కం కొంచెం తగ్గింది.

రోడ్డు దిగి పొలంలోకి వెళితే, పాక ముందు ఒక ముసలామె చేటతో ఉలవలు చెరుగుతోంది. పోలీసుల్ని చూడగానే చేట కింద పెట్టి లోపలికి పోబోయింది.

"పెద్దమ్మా, పేరేంటి?" అంది భారతి, నేల మీద ఆమె పక్కనే కూర్చుంటూ.

"వెంకాయమ్మండి. నాకేం తెలీదండి."

"నేనింకా ఏమీ అడగలేదుగా. ఉలవలు బాగున్నాయి. ఎలా నూర్చావు? గేదెలున్నాయా?"

"గేదెలా, నాకా! ఏదో కర్రతో కొట్టుకుంటానమ్మా."

"ఇన్ని ఉలవల్నా? ఈ చేతుల్తోనా?" భారతి ఆ చేతుల్ని పట్టుకుంది. "పెద్దమ్మా, ఊడ్చింది నువ్వేనని నాకు తెలుసు. రోడ్డు మీద ఒక్క పుల్ల వదలకుండా ఊడ్చావు. చేసిన పనేమో మంచిపనే, కానీ దానివల్ల తప్పు చెయ్యని ఒక కుర్రాడు సాయంత్రం జైలుకి పోతున్నాడు."

వెంకాయమ్మ ఇన్‌స్పెక్టర్ బూట్లకేసి చూసింది, భారతి మొహంకేసి చూసింది.

"అందరూ పరుస్తారమ్మా," అంది చివరికి. "చాట్రాయి దాకా పోయి చూడు, ఉలవలొచ్చాయంటే రోడ్డంతా పరుస్తారు. మొక్కలు పీకి ఎండబెట్టి తారు మీద వేస్తే, వచ్చే పోయే లారీలు తొక్కి పెడతాయి. కాయలు వాటికవే పగిలి రాలిపోతాయి. లారీవాళ్ళు ఎప్పుడన్నా ఒక తిట్టు తిడతారు, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు ఇన్నేళ్ళూ. ఆ ఎర్రబండి మాత్రం... అది నేలకి ఆనుకుని వస్తుంది గదమ్మా, తాబేలులాగా. వచ్చి, నేను పరిచిన ఉలవ చెత్త చూసి బ్రేకేశాడు కాబోలు, కీచుమంది. చెత్త మీదకొచ్చాక చప్పుడు లేదు. గిర్రున తిరిగిపోయింది. గింజల మీద కాలేసినా జారతాం, అంత బండి జారదూ?"

"ఎటునుంచి వచ్చింది?"

"జంక్షన్ కాడ్నించి."

భారతి ఇన్‌స్పెక్టర్ వైపు చూడలేదు. చూడవలసిన అవసరం లేకపోయింది.

"పోలీసులొస్తారని, నన్ను పట్టుకుపోతారని ఆ గట్టు వెనకాల దాక్కున్నానమ్మా. దేవుడా ఆ బిడ్డ బతకాలి అనుకుంటూ కూర్చున్నా. కాసేపటికి తల ఎత్తి చూస్తే, ఆ పిల్లాడి తల ఒళ్ళో పెట్టుకుని పెద్దాయన ఏడుస్తున్నాడు. తర్వాత ఒక లారీ వస్తే ఆపి ఎక్కించుకు పోయాడు. అప్పుడు ఊడ్చేశా. బతికున్నాడామ్మా?"

"బతికున్నాడు. ఏ పెద్దాయన?"

"ఆ పిల్లాడి అయ్యే. మామిడికాయల షావుకారు."

"శేషగిరిరావు గారే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కబురు విని పరిగెత్తుకొచ్చానని స్టేట్‌మెంట్‌లో చెప్పారు."

"దేనిమీద వచ్చాడు పెద్దమ్మా? కారా, స్కూటరా?"

వెంకాయమ్మ ఆలోచించింది. "బండేం లేదమ్మా. ఆయన కాలికి చెప్పులు కూడా లేవు."

ఇద్దరూ జీపు దగ్గరికి వచ్చారు. ఎక్కబోతూ ఇన్‌స్పెక్టర్ ఆగాడు. "సరే. ఉలవల మీద జారింది, ఒప్పుకున్నా. అయితే పైపుని ఎవరు కోశారండీ? ఉలవలు కోశాయా?"

"కారు చూపించండి, చెబుతాను. జోజిబాబునీ వాళ్ళ చెల్లెల్నీ కూడా తీసుకురండి. కోర్టుకెళ్ళే దారిలోనే ఉంది కదా షావుకారు గారి షెడ్డు."

"చూపించలేకపోతే?"

"ఈ జన్మకి నూజివీడు పొలిమేర తొక్కను. కుక్కపిల్లలే వెతుక్కుంటాను."

పాండురంగారావు మొదటిసారి నవ్వాడు. అది నచ్చి నవ్విన నవ్వు కాదు, పందెం వేసుకున్న నవ్వు.

మామిడికాయలు పెట్టెలకెత్తే ఆ షెడ్డు కాపు లేని రోజులు కావడంతో ఖాళీగా ఉంది. గడ్డి వాసన వేస్తోంది. స్టేషన్‌లో జాగా లేక, ప్రమాదం జరిగిన రాత్రే లారీకి కట్టి కారుని ఇక్కడికి లాక్కొచ్చి పెట్టారు. శేషగిరిరావు గారు స్వయంగా తాళం తీశారు. యాభై అయిదు దాటిన మనిషి, పొట్టిగా, లావుగా ఉన్నారు. భుజాల మీది కండువాని గుండెలకి అదిమి పట్టుకుని నడుస్తున్నారు.

"ఈవిడెవరు?" అన్నారు. మగ్దలేనమ్మ కనబడగానే మొహం పక్కకు తిప్పుకున్నారు. బేడీలతో జీపు దిగిన జోజిబాబుని చూసి అసలు తలే ఎత్తలేదు.

"బండికి ఎంత నష్టమో చూడ్డానికి వచ్చానండీ," అంది భారతి.

ఆమె కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. తండ్రి నేర్పిన పద్ధతి అది. ముందు చుట్టూ తిరిగి చూడు, ఆ తర్వాతే చెయ్యి వెయ్యి అనేవాడు. కారు ముందుభాగం చెక్కు చెదరలేదు. దీపాల అద్దాలు రెండూ అలాగే ఉన్నాయి. వెనక ఎడమ మూల మాత్రం నలిగి ముద్దయిపోయింది. ఎడమ తలుపు లోపలికి వంగి సీటుకి తగులుతోంది. కుడి తలుపు నున్నగా తెరుచుకుంది.

"మీరన్నట్టు ఎదురుగా పోయి గోడని కొడితే ముందు దీపాలు పగలాలి కదా," అంది. "తిరిగిపోతూ వెనక్కి కొట్టుకుంది. ఎడమ పక్క నలిగింది. ఆస్పత్రిలో ఏమన్నారు, కృష్ణమూర్తికి ఏ కాలు విరిగింది?"

"ఎడమ కాలు," అంది మగ్దలేనమ్మ వెంటనే. "ఎడమ వైపు పక్కటెముకలు కూడా."

భారతి చీర కొంగు బిగించి, గోనె పరిచి, కారు కిందకి దూరింది. ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. కిందనుంచి ఆమె గొంతు వినబడింది.

"ఇరుసు నిండా ఉలవ తీగలు. తాడు పేనినట్టు చుట్టుకున్నాయి. ఇదిగో మీ పైపు. అబ్బ, ఎంత తిన్నగా కోశారు! పెట్టెల తాళ్ళు కోసే కత్తి అయ్యుంటుంది. ఇన్‌స్పెక్టర్ గారూ, వంగి ఈ నేల చూడండి. ఈ గడ్డి పట్టి చూడండి."

ఆయన మోకాళ్ళ మీద వంగి గడ్డి తీశాడు. జిడ్డుగా ఉంది. వాసన చూశాడు.

"బ్రేకు ఆయిలు."

"పైపు తెగిన చోటికి సరిగ్గా కింద, ఒకే మడుగు. అంతా ఇక్కడే కారింది. కల్వర్టు దగ్గర మనం చూసిన రోడ్డు మీద ఒక్క చుక్కయినా ఉందా? మట్టిలో ఉందా?"

"లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లిగా. "అయితే ప్రమాదం అయ్యాక, ఇక్కడికి తెచ్చాకే కోశారు."

"నేను చెప్పలే!" అని జోజిబాబు అరిచాడు. బేడీ గలగలమంది. కానిస్టేబుల్ తాడు లాగడం మరిచిపోయాడు.

"షెడ్డు తాళాలు ఎన్ని?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈ ప్రశ్న భారతిని అడగలేదు.

శేషగిరిరావు గారు చేతిలోని తాళంచెవి వైపు చూశారు. "ఒక్కటే. నా దగ్గరే ఉంటుంది."

భారతి బయటికొచ్చి దుమ్ము దులుపుకుంది. కుడి తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చోబోయింది. ఆమె పొడుగూ కాదు పొట్టీ కాదు, అయినా మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి.

"మగ్దలేనా, కృష్ణమూర్తి ఎంత పొడుగమ్మా?"

"మా ఇంట్లోకి వచ్చేటప్పుడల్లా వంగి రావాలండి. వంగకపోతే ద్వారబంధం నుదుటికి తగిలేది."

"అంత మనిషి ఈ సీట్లో ఎలా కూర్చుంటాడు? వెనక్కి జరపండి ఇన్‌స్పెక్టర్ గారూ."

ఆయన రెండు చేతులూ వేసి లాగాడు. కదల్లేదు. సీటు కింది పట్టాలు ఆ దెబ్బకి వంగి బిగుసుకుపోయాయి. ఇప్పుడు ఎవరూ జరపలేరు. అంటే కారు గోడని కొట్టిన క్షణంలో సీటు ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది.

"ఈ సీట్లో పొట్టిమనిషి ఉన్నాడు," అంది భారతి. "కృష్ణమూర్తి ఎడమ సీట్లో ఉన్నాడు, కనకే ఎడమ కాలు విరిగింది." ఆమె మెల్లిగా షావుకారు దగ్గరికి నడిచింది. గొంతు తగ్గించింది. "రావు గారూ, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చండి."

ఆయన పీల్చబోయారు. సగంలో మొహం నొప్పితో ముడుచుకుపోయింది. కండువా జారింది. చొక్కా పై గుండీ దగ్గర నల్లగా కమిలిన మచ్చ కనబడింది, స్టీరింగు చక్రం వంపులో.

ఆయన కండువా పైకి లాక్కోబోయి, వదిలేశారు.

"బ్రేకు పట్టలేదు," అన్నారు శేషగిరిరావు గారు. పాపం ఆ మాటే ఆయన రెండు రోజులుగా తనలో తాను అనుకుంటున్నట్టుంది. "ఒట్టేసి చెబుతున్నా. తొక్కాను. కాలు విరిగేలా తొక్కాను. ఆగలేదు. ఇరవై ఏళ్ళుగా అంబాసిడర్ నడుపుతున్నాను, ఒక మేకపిల్లని కూడా గుద్దలేదు. రాత్రి టార్చి వేసి కింద చూశాను. పైపు బాగానే ఉంది. ఎక్కడా చిల్లు లేదు. బ్రేకు బాగుంటే... మరి నా చేతులే కదా వాణ్ణి... బెజవాడ డాక్టరు ఏమీ చెప్పలేనన్నాడు. వాళ్ళమ్మ మొహం చూడలేకపోయాను. బ్రేకుదే తప్పయి ఉండాలి, లేకపోతే నేను బతకలేను అనిపించింది. కోసేశాను."

"బ్రేకు పట్టింది," అంది భారతి.

ఆయన తల ఎత్తారు.

"పట్టిందండీ. చక్రాలు ఆగిపోయాయి, రోడ్డు మీద నల్లగీతలు వాటివే. జోజిబాబు చేసిన పని ఎంత గట్టిదో ఆ గీతలే సాక్ష్యం. పట్టు వదిలింది రోడ్డు. మీ ముందు ఉలవలు పరిచి ఉన్నాయి, వాటి మీద ఎవరున్నా జారేవారే. మీ కాలు తప్పు చెయ్యలేదు. అతని చెయ్యీ తప్పు చెయ్యలేదు. తప్పు ఆ రాత్రి జరిగింది, ఈ షెడ్డులో."

శేషగిరిరావు గారు ఒక ఖాళీ పెట్టె మీద కూలబడ్డారు. నెత్తి మీద బరువు దించిన మనిషిలా ఉన్నారు, ఆ బరువు ఎవరి నెత్తిన వేశారో అప్పుడే చూసిన మనిషిలా కూడా ఉన్నారు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మీరు నాకిచ్చిన స్టేట్‌మెంట్ అబద్ధం. సాక్ష్యం మార్చారు. కేసు మీ మీదకి తిరుగుతుంది షావుకారు గారూ."

"తిప్పండి."

"ఒక్కటి మిగిలింది," అంది భారతి. "కొడుకు మద్రాసు పోతున్నాడు. కారేమో జంక్షన్ వైపు నుంచి ఇంటికి వస్తోంది. అందులో మీరెందుకున్నారు? మీ చేతిలో స్టీరింగెందుకుంది?"

ఆయన అప్పుడు, ఆ రెండు రోజుల్లో మొదటిసారి, మగ్దలేనమ్మ మొహంలోకి చూశారు.

"ఊరి పొలిమేరలో వాడి కారు ఆపి ఎక్కాను, జంక్షన్ దాకా వస్తానన్నాను వాడితో. అక్కడ దిగి బస్సులో తిరిగొద్దామనుకున్నా. జంక్షన్‌లో కారు ఆపాడు. చెరో టీ తాగాం. 'ఇహ దిగు నాన్నా' అన్నాడు." ఆయన ఆగి, నొప్పి పుట్టకుండా కొంచెం కొంచెంగా ఊపిరి తీసుకున్నారు. "దిగలేకపోయానమ్మా. తలుపు మీద చెయ్యి వేశాను, చెయ్యి రాలేదు. దిగితే వాడు మళ్ళీ రాడని తెలుసు. 'సరేరా, ఆ అమ్మాయినే చేసుకో, పద ఇంటికి' అన్నాను. వాడు నమ్మలేదు. ఊరికే అంటున్నావు అన్నాడు. 'అయితే నువ్విటు జరుగు, స్టీరింగు నాకియ్యి. నేనే తిన్నగా జోజిబాబు గుమ్మం ముందు ఆపుతా, నేనే అడుగుతా' అన్నాను. వాడు నవ్వుతూ ఇటు సీట్లోకి వచ్చాడు. కల్వర్టు దాకా నవ్వుతూనే ఉన్నాడు."

మగ్దలేనమ్మ చేతిలోని క్యారియర్ గడ్డి మీద పెట్టింది. పెట్టి, అక్కడే నిలబడింది.

"వెళ్ళిపోవడం లేదా?" అంది. "వస్తున్నాడా?"

"మీ ఇంటికే వస్తున్నాం."

"మా ఇంటికొస్తూ దెబ్బ తగిలించుకుని, మా ఇంటివాణ్ణే లోపల వేయించారు!" జోజిబాబు కళ్ళు ఎర్రబడ్డాయి. "నిన్నటినుంచీ లోపలండీ! నా షెడ్డు ముందు నిలబడి ఊరంతా హంతకుడన్నారు. మా అమ్మ గుమ్మం దాటలేదు. ఎవరిస్తారు అవన్నీ తిరిగి?"

ఇన్‌స్పెక్టర్ జేబులు వెతికి తాళంచెవి తీసి, కానిస్టేబుల్‌కి ఇవ్వకుండా తనే వెళ్ళి బేడీలు విప్పాడు. "కోర్టుకి నేనొక్కణ్ణే వెళతాను. షావుకారు గారూ, మీరు రేపు పొద్దున స్టేషన్‌కి రండి," అన్నాడు. భారతి పక్కగా వెళుతూ, ఆమెకి మాత్రమే వినబడేలా, "నూజివీడు పొలిమేర తొక్కొచ్చు లెండి," అన్నాడు.

మగ్దలేనమ్మ అప్పటికే షెడ్డు గుమ్మంలో ఉంది. "బెజవాడకి బస్సు ఎన్నింటికి? పేరు పెట్టి పిలిస్తే వేళ్ళు కదుపుతున్నాడన్నారు. నేను పిలవాలి. ఇప్పుడే పిలవాలి."

"బస్సెందుకు?" శేషగిరిరావు గారు పెట్టె పట్టుకుని కష్టం మీద లేచారు. "అంబాసిడర్ బయటే ఉంది. నేను మాత్రం స్టీరింగు పట్టుకోను, ఇక నావల్ల కాదు." జేబులోంచి తాళాలు తీశారు. కొంతసేపు అరచేతిలోనే ఉంచుకున్నారు. తర్వాత జోజిబాబు ముందుకు చాచారు. "బాబూ, నన్ను..."

జోజిబాబు బేడీల గుర్తులు పడ్డ మణికట్టు రుద్దుకుంటూ ఆ తాళాలనే చూశాడు. చెల్లెల్ని చూశాడు. తాళాలు తీసుకున్నాడు.

"ఆ మాట ఇప్పుడొద్దండి. కృష్ణమూర్తి లేచి కూర్చున్నాక, అతని ముందు అడగండి. అప్పుడు చూద్దాం." బయటికి నడిచి అంబాసిడర్ వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కండి. దారిలో మాట్లాడకండి, రొమ్ము నొప్పెడుతుంది."